ఎర్నెస్ట్ సాల్వే

ఎర్నెస్ట్ సాల్వే (ఏప్రిల్ 16, 1838 – మే 26, 1922) బెల్జియం దేశానికి చెందిన సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త, పారిశ్రామికవేత్త, దాత. ఉప్పు, సున్నపురాయి, అమ్మోనియాల సాయంతో సోడాను తయారుచేసే పద్ధతిని పరిశ్రమ స్థాయిలో విజయవంతం చేసిన వ్యక్తి ఈయనే. ఈ పద్ధతికి సాల్వే పద్ధతి అనీ, అమ్మోనియా-సోడా పద్ధతి అనీ పేర్లు. గాజు, సబ్బు, కాగితం, బట్టల పరిశ్రమలకు కావలసిన చాకలి సోడా (సోడియం కార్బొనేట్) దీనివలన చౌకగా లభించింది. అయితే ఈ పద్ధతిలో మొదట ఏర్పడే పదార్థం చాకలి సోడా కాదు. మన వంటింట్లో ఉండే తినే సోడా, అనగా సోడియం బైకార్బొనేట్. ఈ పద్ధతికి మూలమైన రసాయన చర్య సాల్వే కంటే ముందే కొందరికి తెలుసు. వాయువులను బయటకు పోనీయకుండా పట్టి ఉంచి, ఏర్పడిన పదార్థాన్ని జాగ్రత్తగా నిర్వహించడం ఎలాగో కనుగొనడంలోనే ఈయన గొప్పతనం ఉంది. భౌతికశాస్త్ర చరిత్రలో పేరుపొందిన సాల్వే సమావేశాలు కూడా ఈయన విరాళంతో మొదలైనవే.

బాల్యము, విద్యాభ్యాసము

ఎర్నెస్ట్ సాల్వే బెల్జియంలోని రెబెక్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ సాల్వే రాతి గనుల పని చేయించేవాడు. తరువాత ఉప్పును శుద్ధి చేసే వ్యాపారం కూడా నడిపాడు. ఎర్నెస్ట్‌కు ఆల్ఫ్రెడ్ (1840 – 1894) అనే తమ్ముడు ఉన్నాడు. అన్నదమ్ములిద్దరూ జీవితాంతం కలిసే పనిచేశారు. రాయి, ఉప్పు - ఈ రెండింటి మధ్య పెరిగిన ఎర్నెస్ట్‌కు చిన్ననాటినుండే రసాయన, భౌతిక శాస్త్రాలపై ఆసక్తి కలిగింది.

మలోన్‌లోని పాఠశాలలో చదువు పూర్తయ్యాక ఇంజనీరింగు చదవాలన్నది ఇతని కోరిక. కానీ ఊపిరితిత్తుల పైపొరకు వచ్చిన వాపు వ్యాధి వలన విశ్వవిద్యాలయంలో చేరలేకపోయాడు. ఆ తరువాత ఏ పట్టమూ పొందలేదు. పుస్తకాలు చదువుకుంటూ, స్వయంగా ప్రయోగాలు చేసుకుంటూ శాస్త్రం నేర్చుకున్నాడు. చదువుకోలేకపోయానన్న ఈ వెలితి తరువాతి కాలంలో ఈయన విద్యాసంస్థలకు ఇచ్చిన విరాళాలకు ఒక కారణమని జీవితచరిత్రకారులు భావిస్తారు.

వాయు కర్మాగారంలో ఉద్యోగము

సుమారు 21 ఏళ్ళ వయసులో సాల్వే బ్రస్సెల్స్ నగరాన్ని ఆనుకుని ఉన్న ఒక వాయు కర్మాగారంలో పనికి చేరాడు. దానిని నడిపేది ఆయన దగ్గరి బంధువు ఫ్లోరిమాండ్ సెమె. ఆ రోజుల్లో వీధి దీపాలకు కావలసిన వాయువును రాక్షసిబొగ్గును గాలి తగలకుండా వేడిచేసి తయారుచేసేవారు. ఆ వాయువును నీటితో కడిగినప్పుడు అమ్మోనియా కలిసిన మురికి నీరు మిగిలేది. ఈ నీటినుండి అమ్మోనియాను రాబట్టి నిల్వచేయడం సాల్వే బాధ్యతల్లో ఒకటి.

అమ్మోనియా ఘాటైన వాయువు. కళ్ళను, ముక్కును, ఊపిరితిత్తులను మండిస్తుంది. నీటిలో సులభంగా కరుగుతుంది, కొద్దిగా వేడి తగిలితే అంతే సులభంగా తప్పించుకుపోతుంది. దీనిని పట్టి ఉంచే మార్గాలు వెతుకుతూ సాల్వే అమ్మోనియా, ఉప్పునీరు, కార్బన్ డయాక్సైడు (బొగ్గుపులుసు వాయువు) కలిపి ప్రయోగాలు చేశాడు. ఉప్పునీటిలో అమ్మోనియా కరిగించి అందులోకి కార్బన్ డయాక్సైడును పంపినప్పుడు తెల్లని పొడి అడుగున చేరింది. అది సోడియం బైకార్బొనేట్.

ఆనాటి సోడా పరిశ్రమ

సాల్వే ప్రయోగం ఎందుకు ముఖ్యమైనదో తెలియాలంటే ఆనాటి సోడా పరిశ్రమను గురించి తెలుసుకోవాలి. 18వ శతాబ్దం వరకు సోడాను సముద్రపు మొక్కలను, ఉప్పు నేలల్లో పెరిగే మొక్కలను కాల్చిన బూడిదనుండి తీసేవారు. ఫ్రాన్సుకు చెందిన నికొలాస్ లెబ్లాంక్ సాధారణ ఉప్పునుండి సోడా తీసే పద్ధతిని కనుగొని 1791లో పేటెంటు పొందాడు. ఫ్రెంచి విప్లవంలో ఆయన కర్మాగారం స్వాధీనమైపోయింది. పేదరికంలో కూరుకుపోయిన లెబ్లాంక్ 1806లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన పద్ధతి మాత్రం తరువాత ఇంగ్లండులో బాగా వ్యాపించింది.

లెబ్లాంక్ పద్ధతిలో ఉప్పును సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వేడిచేసేవారు. అప్పుడు వెలువడే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి చుట్టుపక్కల చెట్లను, పంటలను మాడ్చివేసేది. చివరకు మిగిలే కాల్షియం సల్ఫైడు కుప్పలు కుళ్ళిన గుడ్ల వాసన వేసేవి. ఈ బాధ భరించలేక బ్రిటిషు పార్లమెంటు 1863లో క్షార పరిశ్రమల చట్టం చేయవలసివచ్చింది. దాని ప్రకారం కర్మాగారాలు ఆమ్లపు ఆవిరిలో కనీసం 95 శాతాన్ని పట్టి ఉంచాలి. సరిగ్గా ఆ కాలంలోనే సాల్వే సల్ఫ్యూరిక్ ఆమ్లం అవసరంలేని మార్గాన్ని వెతుకుతున్నాడు.

పేటెంటు, పూర్వపు ప్రయత్నాలు

1861 ఏప్రిల్ 15న, తనకు 23 ఏళ్ళు నిండడానికి ఒక్కరోజు ముందు, సాల్వే మొదటి పేటెంటు పొందాడు. ఈ చర్యను తానే మొదట కనుగొన్నానని ఆయన అనుకున్నాడు. నిజానికి ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రెనెల్ 1811 ప్రాంతంలోనే దీనిని గమనించాడు. 1838లో, అంటే సాల్వే పుట్టిన సంవత్సరంలోనే, ఇంగ్లండులో డయర్, హెమింగ్ అనే ఇద్దరు ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. 1850వ దశకంలో ఫ్రాన్సులో ష్లోసింగ్, రోలాండ్ కర్మాగారం కూడా పెట్టారు. అయినా వీరెవరికీ వ్యాపారపరంగా విజయం దక్కలేదు.

దీనికి ముఖ్య కారణం అమ్మోనియా నష్టం. అప్పట్లో అమ్మోనియా విలువ, దానితో తయారయ్యే సోడా విలువ కంటే ఎక్కువగా ఉండేది. గొట్టాల అతుకులనుండి, మూతల సందులనుండి కొద్దికొద్దిగా కారిపోయినా లాభం మొత్తం గాలిలో కలిసిపోయేది. పనివారి ఆరోగ్యానికీ అదే ప్రమాదం. కాబట్టి ఈ సమస్య రసాయన సూత్రానికి సంబంధించినది కాదు, పాత్రలకు, గొట్టాలకు, మూతలకు సంబంధించినది. సాల్వే తన దృష్టినంతటినీ ఇక్కడ నిలిపాడు.

సాల్వే పద్ధతి

ఈ పద్ధతిలోని ముఖ్య దశలు ఇవి.

1. గాఢమైన ఉప్పునీటిని శుద్ధిచేసి, అందులో అమ్మోనియా వాయువును కరిగిస్తారు.

2. సున్నపురాయిని బట్టీలో కాల్చుతారు. దానినుండి కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది, సున్నం మిగులుతుంది.

3. అమ్మోనియా కలిసిన ఉప్పునీరు ఎత్తైన గోపురంలో పైనుండి కిందికి దిగుతుంది. కార్బన్ డయాక్సైడు కిందినుండి పైకి వస్తుంది. రెండూ గోపురంలోని పళ్ళేల వంటి అరల వద్ద కలుసుకుంటాయి. ఈ చర్యలో వేడి పుడుతుంది కనుక గోపురం కింది భాగాన్ని చల్లబరుస్తారు.

4. నీటిలో తక్కువగా కరిగే సోడియం బైకార్బొనేట్ పొడిగా విడిపోతుంది. దానిని వడకట్టి కడుగుతారు. ద్రవంలో అమ్మోనియం క్లోరైడు (నవాసారం) మిగిలి ఉంటుంది.

5. బైకార్బొనేట్‌ను వేడిచేస్తే కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి వెళ్ళిపోయి సోడియం కార్బొనేట్ మిగులుతుంది. 168 గ్రాముల బైకార్బొనేట్‌నుండి 106 గ్రాముల కార్బొనేట్, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడు, 18 గ్రాముల నీరు వస్తాయి. ఈ వాయువును తిరిగి గోపురానికి పంపుతారు.

6. రెండవ దశలో మిగిలిన సున్నాన్ని నవాసారం ద్రవంతో కలిపి వేడిచేస్తే అమ్మోనియా తిరిగి వస్తుంది. దానిని మరల మొదటి దశలో వాడతారు.

ఈ విధంగా అమ్మోనియా ఖర్చుకాకుండా చక్రంలా తిరుగుతూ ఉంటుంది. కొత్తగా కావలసినవి ఉప్పు, సున్నపురాయి, ఇంధనం మాత్రమే. చివరకు మిగిలే వ్యర్థం కాల్షియం క్లోరైడు. సాల్వే గోపురం వలన పని ఆగకుండా నిరంతరం సాగింది. అప్పటివరకు విడతలు విడతలుగా సరుకు తీసే రసాయన పరిశ్రమలో ఇది కొత్త మార్పు.

కుయే కర్మాగారం

సాల్వే సోదరులు మొదట బ్రస్సెల్స్ వద్ద స్కార్‌బెక్‌లో చిన్న స్థాయిలో ప్రయోగాలు చేశారు. తరువాత 1863 డిసెంబరులో సాల్వే కంపెనీని స్థాపించారు. న్యాయవాది, రాజకీయనాయకుడు అయిన యూడోర్ పిర్మే వీరికి అండగా నిలిచాడు. షార్లెరువా పట్టణం వద్ద కుయేలో నిర్మించిన కర్మాగారం 1865లో ఉత్పత్తి ప్రారంభించింది.

మొదటి సంవత్సరాలు చాలా కష్టంగా గడిచాయి. ప్రయోగశాలలో సాఫీగా జరిగిన చర్య పెద్ద పాత్రలలో మొండికెత్తింది. బైకార్బొనేట్ గట్టిపడి గొట్టాలు పూడుకుపోయేవి. పరికరాలు తరచు చెడిపోయేవి. పెట్టుబడి కరిగిపోయి కంపెనీ దివాలా అంచుకు వచ్చింది. కుటుంబ సభ్యులు తమ సొమ్ము పెట్టి ఆదుకోకపోతే సాల్వే పేరు కూడా విఫలమైన పూర్వీకుల జాబితాలో చేరిపోయి ఉండేది. ఎర్నెస్ట్ పరికరాలను ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోగా, ఆల్ఫ్రెడ్ వ్యాపార వ్యవహారాలు చూసుకున్నాడు. 1867లో జరిగిన ప్యారిస్ ప్రపంచ ప్రదర్శనలో వీరి సోడాకు కాంస్య పతకం లభించింది. 1872లో మెరుగుపరచిన పరికరాలకు కొత్త పేటెంట్లు తీసుకున్నారు.

ఇతర దేశాలకు విస్తరణ

1872లో లుడ్విగ్ మాండ్ అనే రసాయన శాస్త్రవేత్త సాల్వేతో ఒప్పందం చేసుకున్నాడు. జాన్ బ్రన్నర్‌తో కలిసి 1873లో ఇంగ్లండులో బ్రన్నర్ మాండ్ కంపెనీని స్థాపించాడు. ఫ్రాన్సులోని డోంబాల్‌లో సాల్వే కంపెనీయే పెద్ద కర్మాగారం నిర్మించింది. 1880వ దశకంలో జర్మనీ, రష్యాలలోను, అమెరికాలోని సిరక్యూస్ వద్దను ఈ పద్ధతి మొదలయింది. లెబ్లాంక్ కర్మాగారాలు ఈ పోటీకి తట్టుకోలేక క్రమంగా మూతపడ్డాయి. 1920ల నాటికి ఆ పద్ధతి దాదాపు అంతరించింది.

ఈ చరిత్రకు భారతదేశంతో ఒక సంబంధం ఉంది. 1939లో స్థాపించబడిన టాటా కెమికల్స్ సంస్థ గుజరాత్‌లోని మిఠాపూర్‌లో సాల్వే పద్ధతి ఆధారంగా సోడా తయారీ చేపట్టింది. సాల్వే అనుమతితో మొదలైన బ్రిటిషు కంపెనీ బ్రన్నర్ మాండ్‌ను ఇదే సంస్థ 2006లో కొనుగోలు చేసింది.

తినే సోడా - నిల్వ, జాగ్రత్తలు

తినే సోడాను సాల్వే కనిపెట్టలేదు. అమెరికాలో జాన్ డ్వైట్, ఆస్టిన్ చర్చ్ 1846 నుండే దానిని పొట్లాలుగా కట్టి అమ్మేవారు. అయితే సాల్వే పద్ధతి వలన ముడిసరుకు చౌకయి, తినే సోడా కూడా సామాన్యులకు అందింది.

సాల్వే గోపురంలో విడిపోయే బైకార్బొనేట్ తినడానికి పనికిరాదు. దానిలో అమ్మోనియా అవశేషాలు ఉంటాయి. అందుచేత ముందు దానిని కార్బొనేట్‌గా మార్చి, ఆ కార్బొనేట్‌ను నీటిలో కరిగించి, శుద్ధిచేసి, మరల కార్బన్ డయాక్సైడు పంపి స్వచ్ఛమైన బైకార్బొనేట్ తయారుచేస్తారు. దీనిని తక్కువ వేడివద్దనే ఆరబెట్టాలి. ఎందుకంటే సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇది మెల్లగా విడిపోవడం మొదలుపెడుతుంది. వేడి పెరిగేకొద్దీ విడిపోయే వేగం కూడా పెరుగుతుంది. కర్మాగారంలో సాల్వే వాడుకున్న గుణం ఇదే. బజ్జీలు, పునుగులు, రొట్టెలు పొంగడానికి కారణం కూడా ఇదే. డబ్బాలో ఉన్న సోడా పాడవడానికీ ఈ గుణం ఒక కారణం.

తినే సోడా మంటలు అంటుకునే పదార్థం కాదు, విషమూ కాదు. అయినప్పటికీ కింది జాగ్రత్తలు పాటించాలి.

* గట్టిగా మూత పడే పొడి డబ్బాలో, చల్లని చోట ఉంచాలి. పొయ్యి పైనున్న అర దీనికి తగిన చోటు కాదు. తడి చెంచా పెడితే సోడా గడ్డకట్టి బలహీనపడుతుంది.

* ఇది వాసనలను పీల్చుకుంటుంది. కనుక ఇంగువ, మసాలాల పక్కన తెరిచి ఉంచరాదు. ఫ్రిజ్‌లో వాసన పోవడానికి తెరిచి పెట్టిన సోడాను వంటకు వాడరాదు.

* నిమ్మ ఉప్పు, వెనిగర్ వంటి పులుపు పదార్థాలకు దూరంగా ఉంచాలి. వీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడు వేగంగా వెలువడుతుంది. మూత బిగించిన సీసాలో ఇలా కలిపితే ఒత్తిడికి సీసా పగిలి గాజుపెంకులు ఎగిరే ప్రమాదం ఉంది.

* తెలుగునాట తినే సోడా, చాకలి సోడా, కాస్టిక్ సోడా మూడింటినీ సోడా అనే పిలుస్తారు. మూడూ తెల్లగానే ఉంటాయి. చాకలి సోడా తినే సోడా కంటే చాలా ఘాటైన క్షారం. కాస్టిక్ సోడా చర్మాన్ని, అన్నవాహికను కాల్చివేస్తుంది. వీటిని ఒకే అరలో ఉంచరాదు. డబ్బా మీద పేరు తప్పక రాయాలి. తాగునీటి సీసాలలో, తినుబండారాల డబ్బాలలో చాకలి సోడాను గాని, కాస్టిక్ సోడాను గాని పోసి ఉంచరాదు.

* నిమ్మరసం చుక్క వేస్తే బుసబుస పొంగడం సోడా పనిచేస్తున్నదనడానికి గుర్తు. కానీ చాకలి సోడా కూడా ఇలాగే పొంగుతుంది. కాబట్టి ఈ పరీక్ష వలన రెంటికీ తేడా తెలియదు. ఏ సోడాయో అనుమానం ఉంటే పారవేయడమే మంచిది. రుచి చూడరాదు.

* ఒక టీ చెంచా (5 గ్రాములు) తినే సోడాలో సుమారు 1.4 గ్రాముల సోడియం ఉంటుంది. రక్తపోటు, గుండె, మూత్రపిండాల వ్యాధులు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా దీనిని మందుగా వాడరాదు. పసిపిల్లలకు ఇవ్వరాదు. కడుపు నిండా తిన్న తరువాత ఎక్కువ సోడా మింగితే కడుపులో వాయువు పుట్టి ప్రమాదం కలగవచ్చు.

* పొడి కంట్లో పడితే ధారాళంగా మంచినీటితో కడగాలి. గిడ్డంగులలో బస్తాలు విప్పేవారు ముక్కుకు గుడ్డ, కళ్ళకు అద్దాలు వాడాలి.

బేకింగ్ పౌడరు వేరు, తినే సోడా వేరు. బేకింగ్ పౌడరులో సోడాతోపాటు పొడి రూపంలో పులుపు పదార్థం, పిండి కలిపి ఉంటాయి. తేమ తగిలితే డబ్బాలోనే చర్య మొదలవుతుంది కనుక ఇది తినే సోడా కంటే త్వరగా పాడవుతుంది.

కార్మికులు, విద్యాసంస్థలు

సోడా వ్యాపారంలో వచ్చిన ధనంలో పెద్ద భాగాన్ని సాల్వే ప్రజాహితానికి వినియోగించాడు. ప్రభుత్వ చట్టాలు రాకముందే ఆయన కర్మాగారాలలో కార్మికులకు పింఛను, వైద్య సదుపాయం, ఎనిమిది గంటల పనిదినం, జీతంతో కూడిన సెలవులు ఒక్కొక్కటిగా అమలులోకి వచ్చాయి. బ్రస్సెల్స్‌లో శరీరధర్మశాస్త్ర సంస్థను 1893లో, సామాజికశాస్త్ర సంస్థను 1902లో, వాణిజ్య పాఠశాలను 1903లో నెలకొల్పాడు. లిబరల్ పార్టీ తరఫున 1890వ దశకంలో బెల్జియం సెనేటులో సభ్యుడిగా ఉన్నాడు.

సాల్వే సమావేశాలు

జర్మను శాస్త్రవేత్త వాల్టర్ నెర్నస్ట్ ప్రోత్సాహంతో సాల్వే 1911లో బ్రస్సెల్స్‌లోని మెట్రోపోల్ హోటలులో ఒక సమావేశం ఏర్పాటు చేశాడు. అప్పటికి కొత్తదైన క్వాంటం భావన గురించి చర్చించడం దాని ఉద్దేశం. లోరెంజ్ అధ్యక్షత వహించాడు. మేరీ క్యూరీ, ఐన్‌స్టీన్, మాక్స్ ప్లాంక్, రూథర్‌ఫర్డ్, పాయింకేర్ మొదలైనవారు పాల్గొన్నారు. పదార్థం, గురుత్వాకర్షణలపై తాను స్వయంగా రూపొందించిన సిద్ధాంతాన్ని కూడా సాల్వే వారికి అందించాడు. ఆ సిద్ధాంతం శాస్త్రజ్ఞుల ఆదరణ పొందలేదు. అయినా ఆయన నిరుత్సాహపడక 1912లో అంతర్జాతీయ భౌతికశాస్త్ర సంస్థను, 1913లో రసాయనశాస్త్ర సంస్థను స్థాపించాడు. 1927లో జరిగిన ఐదవ భౌతికశాస్త్ర సమావేశంలో పాల్గొన్న 29 మందిలో 17 మంది అప్పటికే నోబెల్ బహుమతి పొందినవారు లేదా తరువాత పొందినవారు.

చివరి దశ

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ బెల్జియంను ఆక్రమించినప్పుడు ఆహార కొరత ఏర్పడింది. 1914లో ప్రజలకు ఆహారం అందించడానికి ఏర్పడిన జాతీయ సహాయ సంఘానికి 76 ఏళ్ళ సాల్వే అధ్యక్షుడయ్యాడు. యుద్ధం ముగిశాక 1918లో ఆయనకు బెల్జియం ప్రభుత్వం స్టేట్ మినిస్టర్ అనే గౌరవ హోదా ఇచ్చింది. 1922 మే 26న బ్రస్సెల్స్‌లోని ఇక్సెల్‌లో మరణించాడు. ఆయన కుమారుడు అర్మాండ్ సాల్వే కంపెనీ బాధ్యతలు కొనసాగించాడు.

పర్యావరణంపై ప్రభావము

లెబ్లాంక్ పద్ధతిలోని ఆమ్లపు పొగను సాల్వే పద్ధతి తొలగించింది. కానీ దీనికీ వ్యర్థాలు ఉన్నాయి. ఉప్పులోని క్లోరిన్ అంతా కాల్షియం క్లోరైడు రూపంలో బయటకు పోతుంది. అమెరికాలో సిరక్యూస్ వద్దనున్న ఆనొండాగా సరస్సు ఒడ్డున తెల్లని వ్యర్థాల దిబ్బలు పేరుకుపోయాయి. ఆ కర్మాగారం 1986లో మూతపడింది. ఇటలీలోని రోసిన్యానో సాల్వే వద్ద సముద్రతీరం తెల్లగా మెరవడానికి కూడా సోడా కర్మాగారం వదిలిన సున్నపు వ్యర్థాలే కారణం. అమ్మోనియాను బొట్టు కూడా వృథా కాకుండా పట్టి ఉంచిన ఈ పద్ధతి తన వ్యర్థాలకు మాత్రం అలాంటి పరిష్కారం చూపలేకపోయింది.

విశేషాలు

* సాల్వేకు పర్వతారోహణ అంటే ఇష్టం. ఆయన విరాళంతో ఆల్ప్స్ పర్వతాలలోని మాటర్‌హార్న్ శిఖరంపై 4,003 మీటర్ల ఎత్తున 1915లో ఒక చిన్న ఆశ్రయ గృహం నిర్మించారు. వాతావరణం పాడైనప్పుడు పర్వతారోహకులు దీనిలో తలదాచుకుంటారు.

* అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో సాల్వే అనే గ్రామం, ఇటలీలో రోసిన్యానో సాల్వే అనే పట్టణం ఈయన కంపెనీల పేరుమీద ఏర్పడ్డాయి.

* అర్మాండ్ సాల్వే కోసం విక్టర్ హోర్టా బ్రస్సెల్స్‌లో నిర్మించిన భవనాన్ని యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ కట్టడాలలో చేర్చింది.

* 2023లో సాల్వే కంపెనీ రెండుగా విడిపోయింది. సోడా వ్యాపారం సాల్వే పేరుతోనే కొనసాగుతున్నది.